ఇంటి ప్లాను చదవడం నేర్చుకుందాం



ఈ సంవత్సరం వార్షికోత్సవ సంచికకు ఏదైనా వ్యాసం రాయమని వార్డెన్ గారు ఫోన్ చేశారు. మొదట "విద్యార్థి – లక్ష్యసాధన" అని రాద్దామనుకున్నాను. కానీ అలాంటివి మన సంచికలో ఏటా నాలుగైదు వస్తాయి. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు నేనూ ఒకటి రాశాను. అందువలన ఈసారి నాకు చేతనైన పని ఒకటి మీకు నేర్పుదామని కూర్చున్నాను. అది ఇంటి ప్లాను చదవడం. నేను 2014 నుండి 2019 వరకు ఈ హాస్టల్లో ఉండి చదువుకున్నాను. తర్వాత ఇంటర్, బి.టెక్. సివిల్ పూర్తి చేసి ఇప్పుడు ఎం.టెక్. స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ వరకు వచ్చింది నేనే మొదటివాణ్ని.

సివిల్ చదివేవాళ్లకే కదా ప్లానుతో పని అని పేజీ తిప్పేయకండి. మనలో ఎక్కువమంది అమ్మానాన్నలు తాపీ పనికో, సెంట్రింగు పనికో, రాడ్ బెండింగుకో, తట్టలు మోయడానికో వెళ్తున్నవాళ్లే. వాళ్లు కట్టే ప్రతి గోడా ముందు ఒక కాగితం మీద ఉంటుంది. ఆ కాగితం సాధారణంగా వాళ్ల చేతికి రాదు.

మా నాన్న తాపీ మేస్త్రి. అమ్మ ఆయన వెంట మాలు అందించే పనికి వెళ్తుంది. 2015 మే నెలలో, ఆరో తరగతి సెలవుల్లో, నేను కూడా వాళ్లతో పాటు ఒక ఇంటి పనికి వెళ్లాను. నాది క్యూరింగుకు నీళ్లు పట్టే పని. పిల్లర్లు లేని చిన్న ఇల్లు అది, తొమ్మిది అంగుళాల గోడల మీదే స్లాబు వేసే రకం. కాంట్రాక్టరు నాన్నకు కొలతలన్నీ నోటితో చెప్పాడు. "బెడ్ రూము పది అడుగులు" అన్నాడు. నాన్న ముగ్గు పోసి మార్కింగు చేశాడు. పునాది తవ్వారు, రాతి కట్టుబడి అయింది, బేస్‌మెంట్ మీద ఇటుక రెండు వరసలు లేచింది. అప్పుడు ఇంటి యజమాని వచ్చి టేపు పెట్టి కొలిచాడు. నాలుగు అడుగులు ఉండాల్సిన బాత్‌రూము మూడు అడుగుల మూడు అంగుళాలే ఉంది.

కాంట్రాక్టరు అందరి ముందూ అరిచి, ప్లాను కాగితం నాన్న చేతిలో పెట్టి "చూసుకో" అన్నాడు. నాన్న దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఒకసారి తిప్పాడు. ఏ వైపు పైకి ఉండాలో ఆయనకు తెలియలేదు. పక్కనే నిలబడిన నాకూ తెలియలేదు. గోడ పగలగొట్టి, రాతి కట్టుబడితో సహా జరిపి మళ్లీ కట్టారు. పన్నెండు రోజుల కూలి కోసేశారు.

ఆ కాగితాన్ని నాన్న ఇంటికి తెచ్చాడు. ఎందుకు తెచ్చాడో నేను అడగలేదు. జూన్‌లో హాస్టల్‌కు వస్తూ దాన్ని రెండుగా కోసి, తెల్లవైపు పైకి పెట్టి నా సోషల్, సైన్సు లాంగ్ నోట్‌బుక్కులకు అట్టలు వేసుకున్నాను. మందమైన కాగితం కాబట్టి సంవత్సరమంతా చిరగలేదు. ఆ కాగితం సంగతి మళ్లీ వస్తుంది. ముందు అసలు ప్లాను అంటే ఏమిటో చూద్దాం.

ప్లాను అంటే పైనుంచి తీసిన ఫోటో కాదు

చాలామంది ప్లాను అంటే ఇంటిని ఆకాశం నుంచి చూస్తే కనిపించే బొమ్మ అనుకుంటారు. పైనుంచి చూస్తే కనిపించేది స్లాబు, పిట్టగోడ, వాటర్ ట్యాంకు మాత్రమే. గదులు కనిపించవు. ప్లాను అంటే ఇంటిని నేల నుంచి సుమారు ఒక మీటరు ఎత్తులో అడ్డంగా కోసి, పై ముక్క తీసి పక్కన పెట్టి, మిగిలిన కింది ముక్కను పైనుంచి చూసి గీసిన బొమ్మ. పుచ్చకాయను అడ్డంగా కోసినప్పుడు గింజలు ఎక్కడెక్కడ ఉన్నాయో కనిపించినట్టు, ఇల్లు కోసినప్పుడు గోడలు ఎక్కడెక్కడ ఉన్నాయో కనిపిస్తాయి.

ఈ ఒక్క మాట అర్థమైతే సగం ప్లాను చదివినట్టే. కోతకు తగిలినవాటిని మందం గీతలతో చూపిస్తారు. కాబట్టి గోడలు, పిల్లర్లు మందంగా ఉంటాయి. కోతకు కిందుగా ఉన్నవి, అంటే మెట్లు, వంటగది గట్టు, బాత్‌రూమ్ బేసిన్, సన్నని గీతలతో ఉంటాయి. కోతకు పైన ఉన్నవి నిజానికి కనిపించకూడదు. అయినా చెప్పాల్సిన అవసరం ఉంటే చుక్కల గీతలతో, అంటే తెగిపోయిన గీతలతో చూపిస్తారు. కిటికీ మీది సన్‌షేడు, పైనున్న బీము, అటక అలా వస్తాయి. కిటికీ దగ్గర గోడ మందంలో రెండు మూడు సన్నగీతలు ఉంటాయి. తలుపు దగ్గర గోడ తెగిపోయి, తలుపు రెక్క ఒక గీతగానూ, అది తెరుచుకునే దారి పావు వృత్తంగానూ ఉంటాయి. ఆ పావు వృత్తం ఎటు ఉంటే తలుపు అటే తెరుచుకుంటుంది. మెట్ల మీద బాణం గుర్తు ఉంటే అది ఎక్కే దిక్కు. తలుపుల పక్కన డి1, డి2 అని, కిటికీల పక్కన డబ్ల్యూ1 అని, వెంటిలేటర్ల పక్కన వి అని రాస్తారు. వాటి సైజులు షీటులో ఒక మూల పట్టికలో ఉంటాయి.

ఇప్పుడు మన డార్మిటరీనే తీసుకోండి. కిటికీ గడప ఎత్తుకు కొంచెం పైగా ఒక పెద్ద రంపంతో హాస్టల్‌ను కోసేశామనుకోండి. మన ట్రంకు పెట్టెలు కోతకు కింద ఉంటాయి కాబట్టి సన్నగీత. ఫ్యాను కోతకు పైన ఉంటుంది కాబట్టి చుక్కల గీత. గోడ మందం గీత. నేను బి.టెక్. మొదటి సంవత్సరంలో ఇది అర్థం కాక, మార్కుల కోసం బొమ్మలు బట్టీపట్టి గీశాను. మార్కులు వచ్చాయి, ప్లాను మాత్రం రాలేదు.

కాగితం మీద స్కేలు పెట్టకండి

అంత పెద్ద ఇల్లు కాగితం మీద పట్టదు కాబట్టి తగ్గించి గీస్తారు. 1:100 అంటే కాగితం మీద ఒక సెంటీమీటరు నిజంగా 100 సెంటీమీటర్లు, అంటే ఒక మీటరు. 1:50 అయితే కాగితం మీద రెండు సెంటీమీటర్లు ఒక మీటరు. వివరాలు ఎక్కువ కావాలంటే 1:20, 1:10 కూడా వాడతారు. సోషల్‌లో మ్యాపుల కింద చదివే స్కేలు లాంటిదే ఇది.

అయితే సైటులో కొంతమంది ప్లాను మీద స్కేలు పెట్టి కొలిచి, దాన్ని వందతో గుణించి గోడ కట్టేస్తారు. ఇది పెద్ద తప్పు. జిరాక్సులో కాగితం కొంచెం చిన్నదవుతుంది, ఒక్కోసారి పెద్దదవుతుంది. ఏ1 షీటుకు గీసినది ఏ3 మీద తీస్తే సరిగ్గా సగమవుతుంది, కానీ మూలలో "1:100" అని అలాగే ఉంటుంది. ఇప్పుడైతే ఫోన్‌లో వాట్సాప్‌లో వచ్చిన ప్లానును వేళ్లతో పెద్దది చేసి చూస్తున్నారు. దానికి స్కేలే లేదు. కాబట్టి రాసి ఉన్న అంకెనే నమ్మాలి. అంకె లేకపోతే అడగాలి.

అంకెల్లో కూడా రెండు చిక్కులున్నాయి. ఇంజనీర్ల డ్రాయింగుల్లో కొలతలు మిల్లీమీటర్లలో ఉంటాయి. 3000 అంటే మూడు మీటర్లు. ఎత్తులు, అంటే లెవెల్స్, మాత్రం మీటర్లలో రాస్తారు. ప్లస్ 0.450 అంటే సున్నాగా ఎంచుకున్న చోటు కంటే 450 మిల్లీమీటర్లు, సుమారు అడుగున్నర, ఎత్తు. మన ఊళ్లలో అడుగులు, అంగుళాలే ఎక్కువ. అక్కడ 4.6 అడుగులు అని ఎవరైనా రాస్తే అది నాలుగు అడుగుల ఆరంగుళాలు కాదు. నాలుగున్నర అడుగులు అంటే 4.5. అడుగుకు పన్నెండు అంగుళాలు, పది కాదు. ఇది ఐదో తరగతి లెక్కే, అయినా దీని దగ్గర ఇంజనీర్లు కూడా తడబడటం నేను చూశాను.

ఎక్కడి నుంచి ఎక్కడికి?

ఇప్పుడు నా నోట్‌బుక్కు అట్ట దగ్గరకు వస్తాను. మా అమ్మకు చదువు రాదు. కానీ నా పుస్తకాలు ఒక్కటి కూడా పాత పేపర్లవాడికి వేయనివ్వదు. అన్నీ రేకు పెట్టెలో ఉన్నాయి. బి.టెక్. రెండో సంవత్సరంలో, 2023 జనవరిలో సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు, ఆ పెట్టెలో ఏడో తరగతి సోషల్ నోట్సు దొరికింది. అట్ట విప్పి లోపలివైపు చూశాను. అదృష్టం కొద్దీ బెడ్ రూము, బాత్‌రూము, హాలు ఉన్న సగమే అది.

ప్లాను మీద కొలత గీత రెండు చివర్లా ఎక్కడ ఆగిందో చూడాలి. గోడ అంచు దగ్గర ఆగితే అది లోపలి కొలత, దాన్నే క్లియర్ కొలత అంటారు. గోడ నడిమధ్యన, గీత–చుక్క–గీత–చుక్కగా పోయే సెంటర్ లైను దగ్గర ఆగితే అది సెంటర్ టు సెంటర్ కొలత. తొమ్మిది అంగుళాల గోడలైతే, సెంటర్ టు సెంటర్ కొలతలో నుంచి ఒక పక్క నాలుగున్నర అంగుళాలు, మరో పక్క నాలుగున్నర, మొత్తం తొమ్మిది అంగుళాలు తీసేస్తే లోపలి కొలత వస్తుంది.

ఆ షీటులో ఇంటి బయట కొలత గీతల వరస ఇలా ఉంది. బెడ్ రూము 10 అడుగులు, బాత్‌రూము 4 అడుగుల 9 అంగుళాలు, హాలు 13 అడుగుల 3 అంగుళాలు. మూడూ సెంటర్ టు సెంటర్. మొత్తం 28 అడుగులు. చివరి రెండు గోడల సగం సగం కలిపితే బయటి నుంచి బయటికి 28 అడుగుల 9 అంగుళాలు. దాని బయట ఉన్న గీత మీద కూడా అంతే రాసి ఉంది. ఇంతవరకు లెక్క సరిపోయింది.

తర్వాత గదుల లోపల రాసినవి చూశాను. గది లోపల పేరు కింద రాసేది సాధారణంగా లోపలి కొలత. బాత్‌రూము 4 అడుగులు అని ఉంది, అది సరే. హాలు 12 అడుగుల 6 అంగుళాలు అని ఉంది, అదీ సరే. బెడ్ రూములో మాత్రం 10 అడుగులు అని ఉంది. అక్కడ 9 అడుగుల 3 అంగుళాలు ఉండాలి. లోపలి కొలతలు మూడూ, నాలుగు గోడల మందం మూడు అడుగులూ కలిపి చూశాను. 29 అడుగుల 6 అంగుళాలు వచ్చింది. ఇల్లేమో 28 అడుగుల 9 అంగుళాలు. తేడా సరిగ్గా తొమ్మిది అంగుళాలు. ఒక గోడ మందం.

అంటే గీసిన వ్యక్తి బెడ్ రూము దగ్గర సెంటర్ కొలతనే తెచ్చి లోపల రాసేశాడు. కాంట్రాక్టరు గది లోపలి అంకె చదివి చెప్పాడు. నాన్న చెప్పినట్టే లోపల పది అడుగులు వచ్చేలా కట్టాడు. హాలు కూడా చెప్పినట్టే వచ్చింది. మిగిలింది బాత్‌రూము కాబట్టి తొమ్మిది అంగుళాలు అందులో తగ్గింది. ముగ్గు పోయకముందే ఎవరైనా ఈ నాలుగు అంకెలు కూడి చూసి ఉంటే తప్పు బయటపడేది. ఐదు నిమిషాల పని.

నాన్నను పిలిచి చూపించాను. ఆయనకు అక్షరాలు రావు గానీ అంకెలు బాగా వచ్చు. టేపు పట్టి ఇరవై ఏళ్లు దాటింది. నేను కూడి చూపించేలోపే ఆయన వేళ్ల మీద కూడేశాడు.

"అయితే నేను తప్పు కట్టలేదా?" అన్నాడు.

"లేదు నాన్నా. నీకు చెప్పినట్టే కట్టావు. కాగితంలోనే తప్పుంది."

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి "ఆ పన్నెండు రోజుల కూలి ఇప్పుడెవరిస్తారు?" అంది. ఎవరూ ఇవ్వరు. ఆ కాంట్రాక్టరు దగ్గర నాన్న పని మానేసి చాలా ఏళ్లైంది.

కాసేపయ్యాక నాన్నే "ఆ గీతలేందో నాక్కూడా చెప్పరా" అన్నాడు. ఆ సాయంత్రం ఒక్కటే కూర్చున్నాం. నాకు రెండు సెమిస్టర్లు పట్టింది ఆయనకు రెండు గంటల్లో వచ్చేసింది. ఎందుకంటే నేను గీతల నుంచి గోడను ఊహించుకోవాలి. ఆయనకు గోడ ముందే తెలుసు, దాని గుర్తు ఏదో తెలిస్తే చాలు. పావు వృత్తం తలుపు అని చెప్పగానే "ఇక్కడ తెరిస్తే మంచానికి తగులుద్ది గదా" అన్నాడు. నాకు అంతవరకు తట్టనే లేదు.

ఈ విద్య ఎక్కడి నుంచి వచ్చింది?

గోడను, కట్టడాన్ని కాగితం మీద లెక్క ప్రకారం చూపించే శాస్త్రాన్ని ఒక పద్ధతిలో పెట్టినవారు గాస్పార్డ్ మాంజ్. 1746లో ఫ్రాన్సు దేశంలో బోన్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి చిన్న చిల్లర వ్యాపారి. మెజియేర్ అనే చోట సైనిక ఇంజనీరింగ్ పాఠశాల ఉండేది. అందులో అధికారులుగా చదవడానికి గొప్ప వంశాల పిల్లలకే అవకాశం. మాంజ్ ఎంత తెలివైనవాడైనా పుట్టుక వల్ల అందులో చేరలేకపోయాడు. బొమ్మలు గీసే, పలస్త్రీ నమూనాలు పోసే పక్క విభాగంలో పెట్టారు. ఆ విభాగాన్ని అక్కడివాళ్లు వెటకారంగా "గాష్" అనేవారు. గార కలపడం అనే అర్థం వచ్చే మాట నుంచి పుట్టిన పేరది.

ఒకసారి కోట గోడల ఎత్తు లెక్క ఒకటి మాంజ్‌కు అప్పగించారు. గంటల తరబడి కూడికలు చేయాల్సిన లెక్కను ఆయన బొమ్మ గీసి చాలా తొందరగా తేల్చేశాడు. ఇంత త్వరగా అయ్యే పని కాదని పై అధికారి మొదట దాన్ని చూడటానికే ఒప్పుకోలేదట. చూశాక ఆ పద్ధతిని సైనిక రహస్యంగా ఉంచారు. 1795లో ప్యారిస్‌లో మాంజ్ దాన్ని అందరికీ పాఠాలుగా చెప్పేవరకు బయటి ప్రపంచానికి తెలియలేదు. మనం ఇంజనీరింగ్ డ్రాయింగ్‌లో చదివే ప్రొజెక్షన్లు అవే. మా సార్ క్లాసులో మాంజ్ పేరు చెప్పారు గానీ గార కలిపే విభాగం సంగతి చెప్పలేదు. లైబ్రరీలో చదివినప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది.

నిలువు కోత, ఇనుము

ప్లాను అడ్డకోత అయితే సెక్షన్ నిలువు కోత. కేకును కత్తితో నిలువుగా కోస్తే పొరలు కనిపించినట్టు ఇందులో పునాది లోతు, బేస్‌మెంట్ ఎత్తు, లింటెల్ ఎత్తు, స్లాబు మందం అన్నీ కనిపిస్తాయి. ఎక్కడ కోశారో ప్లాను మీద ఒక గీత గీసి, రెండు చివర్లా ఏ–ఏ అని రాసి బాణాలు వేస్తారు. బాణం చూపేవైపే మనం చూస్తున్నామని అర్థం. ఇంటిని బయట నిలబడి ఎదురుగా చూస్తే కనిపించేది ఎలివేషన్. యజమానులు దాన్నే ఎక్కువ చూస్తారు. కట్టేవాళ్లకు దానితో పని తక్కువ.

పిల్లర్లు ఉన్న ఇంటికి వేరే షీట్లు ఉంటాయి, వాటిని స్ట్రక్చరల్ డ్రాయింగులంటారు. వాటిలో ఒకవైపు వరసలకు ఏ, బి, సి అని, రెండోవైపు 1, 2, 3 అని పేర్లు పెడతారు. బి–3 అంటే ఆ రెండు గీతలు కలిసేచోట ఉన్న పిల్లరు. క్లాసులో మూడో బెంచీ, రెండో వరస అన్నట్టే. అక్షరాల్లో ఐ, ఓ చాలామంది వాడరు, అవి ఒకటిలాగా సున్నాలాగా కనిపిస్తాయని.

ఇనుము గురించి ఇలా రాస్తారు. 8 పక్కన సున్నాకు అడ్డగీత కొట్టిన గుర్తు, తర్వాత ఎట్ గుర్తు, 150, సి బై సి. అంటే 8 మిల్లీమీటర్ల రాడ్లు, ఒకదాని మధ్య నుంచి ఇంకోదాని మధ్యకు 150 మిల్లీమీటర్ల దూరంలో వేయాలి. సెక్షన్‌లో రాడ్డు పొడవునా కనిపిస్తే గీత, అడ్డంగా కోస్తే చుక్క. ఆ రాడ్డు ఎంత బరువో తెలియాలంటే సైజును దానితోనే గుణించి 162తో భాగించాలి. 8 ఎనిమిదుల 64, దాన్ని 162తో భాగిస్తే 0.395. మీటరుకు అన్ని కిలోలు. పన్నెండు మీటర్ల రాడ్డు సుమారు 4.74 కిలోలు. ఇనుము కొన్నప్పుడు తూకం సరిచూసుకోవడానికి మా ఊళ్లో కొందరు ఇప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు.

కవరు అనే మాట కూడా ఉంటుంది. అంటే ఇనుము మీద ఉండాల్సిన కాంక్రీటు మందం. ఐ.ఎస్. 456 (2000) కోడు ప్రకారం పునాది ఫుటింగులకు కనీసం 50 మిల్లీమీటర్లు, మామూలు పిల్లర్లకు 40, సాధారణ వాతావరణంలో స్లాబుకు 20. ఇది తగ్గితే ఇనుము తుప్పు పట్టి, ఉబ్బి, కాంక్రీటు పెచ్చులు ఊడుతుంది. ఊడిన పెచ్చులు మీలో చాలామంది చూసే ఉంటారు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. 2024 వేసవిలో ఇంటర్న్‌షిప్ కోసం ఒక సైటుకు వెళ్లాను. రేపు కాంక్రీటు అనగా ఈరోజు సన్‌షేడు ఇనుము చూసి రమ్మన్నారు. డ్రాయింగు చేతిలో పట్టుకుని వెళ్లాను. రాడ్ల సైజు సరిపోయింది, లెక్క సరిపోయింది, దూరం సరిపోయింది. టిక్కు పెట్టేశాను. అక్కడ పనిచేసే రాడ్ బెండర్ అన్న ఒకాయన "సార్, ఇది కిందికి ఉంది, పైకి గదా ఉండాల్సింది" అన్నాడు. నన్ను సార్ అన్న మొదటి మనిషి ఆయనే, అదీ నా తప్పు చూపించడానికి.

డ్రాయింగు మళ్లీ చూశాను. సెక్షన్‌లో మెయిన్ రాడ్డు గీత సన్‌షేడు పై అంచుకు దగ్గరగా స్పష్టంగా ఉంది. నేను అంకెలు చదివాను గానీ గీత ఎక్కడుందో చూడలేదు. రెండు గోడల మీద ఆనిన స్లాబు మధ్యలో కిందికి వంగాలని చూస్తుంది, కాబట్టి అక్కడ సాగేది కిందివైపు, ఇనుము కింద ఉండాలి. సన్‌షేడు అలా కాదు. ఒక పక్కే గోడలో పట్టు, రెండో పక్క గాలిలో. వేపకొమ్మ చివర పట్టుకుని కిందికి లాగితే మొదలు దగ్గర పైభాగమే చీలుతుంది కదా. సన్‌షేడుకు, బాల్కనీకి అంతే. సాగేది పైవైపు కాబట్టి ఇనుము పైన ఉండాలి. కింద వేస్తే సెంట్రింగు తీసినరోజో, ఎవరైనా ఎక్కి నిలబడినరోజో విరిగి పడుతుంది. కింద మనిషి ఉంటే ఇంక చెప్పేదేముంది. సరిగ్గా పైన కట్టినా కాంక్రీటు వేసేటప్పుడు పనివాళ్లు తొక్కితే కిందికి దిగిపోతుంది. అందుకే దాని కింద వంచిన రాడ్డు ముక్కలు పెడతారు, వాటిని కుర్చీలు అంటారు. ఆ రాత్రి మొత్తం విప్పి మళ్లీ కట్టారు. ఆ అన్నకు ఆ పొద్దు అదనపు పని నా వల్ల కాదు, ఆయన నిజాయితీ వల్ల వచ్చింది. చూసీ చూడనట్టు ఉంటే నా టిక్కుతో అది అలాగే పోయేది.

మరికొన్ని సంగతులు

షీటు కుడివైపు కింది మూలలో ఒక డబ్బా ఉంటుంది. అందరూ చివర్లో చూస్తారు, నేను మొదట చూడమంటాను. అందులో షీటు నంబరు, తేదీ, ఎన్నోసారి మార్చారన్న రివిజన్ గుర్తు ఉంటాయి. పాత రివిజన్ చూసి కొత్త ఇల్లు కట్టినవాళ్లున్నారు. దాని దగ్గరే నోట్సు ఉంటాయి. కాంక్రీటు గ్రేడు, కవరు, ల్యాపింగు పొడవు అక్కడే రాస్తారు.

మునిసిపాలిటీలోనో పంచాయతీలోనో అనుమతి కోసం పెట్టే ప్లాను వేరు, కట్టడానికి గీసే డ్రాయింగు వేరు. మన ఊళ్లలో చాలా ఇళ్లు ఆ అనుమతి ప్లాను ఒక్కదానితోనే కట్టేస్తున్నారు. అందులో ఇనుము సంగతి ఏమీ ఉండదు. మిగిలిందంతా మేస్త్రి అనుభవమే. ఇల్లు నిలబడితే ఇంజనీరు పేరు, పగిలితే మేస్త్రి పేరు.

ఆర్కిటెక్టు షీటుకీ స్ట్రక్చరల్ షీటుకీ ఎక్కడైనా తేడా వస్తే మన ఇష్టం వచ్చినది ఎంచుకోకూడదు. పని ఆపి అడగాలి, జవాబు కాగితం మీదో కనీసం ఫోన్ మెసేజిలోనో తీసుకోవాలి. నోటిమాట మీద కట్టిన గోడకు సాక్ష్యం ఉండదు. మా నాన్న ఇప్పుడు ముగ్గు పోయకముందు ప్లాను ఫోటో తీసి నాకు పంపిస్తాడు. "ఈ పది మధ్యకా, అంచుకా?" అని మాత్రమే అడుగుతాడు. మిగిలింది ఆయనే చూసుకుంటాడు. అలా అడుగుతున్నాడని ఇద్దరు కాంట్రాక్టర్లు ఆయన్ని పనికి పిలవడం మానేశారు. ఇంకొకాయన మాత్రం కాగితం ఆయన చేతికే ఇచ్చి వెళ్తున్నాడు.

తమ్ముళ్లూ, మీకు చేయాలనిపిస్తే ఇలా మొదలుపెట్టండి. ఒక టేపు, ఒక గ్రాఫ్ పేపరు చాలు. డార్మిటరీని 1:50లో గీయండి. గది పొడవు ఆరు మీటర్లయితే కాగితం మీద పన్నెండు సెంటీమీటర్లు వస్తుంది. గోడ మందం కొలవాలంటే కిటికీ దగ్గర కొలవండి, తేలిక. ముందు లోపలి కొలతలు రాయండి, తర్వాత సెంటర్ టు సెంటర్ కొలతలు లెక్కగట్టండి, చివరికి బయటికెళ్లి మొత్తం పొడవు కొలిచి రెండూ సరిపోయాయో లేదో చూడండి. మొదటిసారి సరిపోదు. ఎక్కడ పోయిందో వెతకండి. వార్షికోత్సవం రోజు నేను వస్తున్నాను, గీసినవి తెచ్చి చూపించండి. తలుపు ఎటు తెరుచుకుంటుందో మాత్రం అక్కడే రాసుకోండి. నేను మొదటిసారి మన వంటగది గీసినప్పుడు మర్చిపోయి, మళ్లీ కిందికి దిగి చూసి వచ్చాను.